ఏ వేదంబు పఠించె లూత?

శ్రీకాళహస్తి గుడికి ఎన్నిసార్లు వెళ్లినా నా చూపు ముందు లింగం అడుగుభాగానికే పోతుంది. పైన ఐదు పడగల పాము, ఏనుగు దంతాలు రెండు, అడుగున సాలీడు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఊరి పేరులో మొదటి అక్షరం ఆ చిన్న పురుగుదే.

ధూర్జటి శతకంలో ఈ పద్యం చాలామందికి కంఠతా వచ్చు:

ఏ వేదంబు పఠించె లూత? భుజగం బే శాస్త్రముల్ సూచెఁ? దా
నే విద్యాభ్యసనం బొనర్చెఁ గరి? చెంచే మంత్ర మూహించె? బో
ధావిర్భావ నిదానముల్ చదువులయ్యా? కావు, మీ పాద సం
సేవాసక్తియె కాక జంతుతతికిన్ శ్రీకాళహస్తీశ్వరా!

లూత అంటే సాలీడు. చెంచు మన కన్నప్ప. బోధ పుట్టడానికి కారణం చదువులా? కావు, నీ పాదాల సేవ మీద ఉన్న ఆసక్తే అంటున్నాడు. చదువు వద్దని ధూర్జటి అర్థం కాదని నా నమ్మకం. అంత చదువుకున్నవాడు, రాయలవారి ఆస్థానంలో ఉన్నవాడు. బోధ ఎక్కడ పుడుతుందో, ఆ చోటు మాత్రం వేరని చెబుతున్నాడు.

నేను కలంకారీ బొమ్మలు రాస్తాను. మా పనికి పేరే వ్రాతపని. "ఈ రూపాలు మీకెలా తడతాయి?" అని చూడవచ్చినవాళ్లు అడుగుతుంటారు. తట్టని రోజులు ఎన్నో నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట రామపట్టాభిషేకం రాస్తున్నాను. అంచు అయింది, పరివారం అంతా అయింది, నడుమ రాముడి ముఖం మాత్రం రాలేదు. చింతబొగ్గుతో గీయడం, దులపడం. పాత గుడ్డలు తిరగేశాను, ఫోన్‌లో వందల బొమ్మలు చూశాను. చూసినకొద్దీ చెయ్యి బిగుసుకుపోయింది.

మా మేస్త్రి వచ్చి చూసి, "ముఖం సంగతి ఆయన చూసుకుంటాడులే నాయనా. నువ్వు పోయి గుడ్డలు తడుపు" అన్నారు.

నాకు కష్టంగా తోచింది. అది కొత్తగా చేరిన పిల్లల పని. అయినా మాట కాదనలేక కూర్చున్నాను. కరక్కాయ పొడి నీళ్లలో కలపడం, గేదెపాలు పోయడం, గాడా అనే ముతక నూలు గుడ్డ ముంచి పిండడం, ఎండలో ఆరేయడం. పాల జిడ్డు ఉంటేనే రంగు పక్కకు పాకదు. కరక్కాయ వగరు ఎందుకో చెప్పాలంటే మా నల్లరంగు గురించి చెప్పాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండకు మూత పెట్టి మూడు వారాలు ఊరనిస్తాం. కుండలో చూస్తే అది నలుపే కాదు, పలచని టీ నీళ్లలా ఉంటుంది. కలం ముంచి, దానికి చుట్టిన నూలును వేళ్లతో మెల్లగా నొక్కుతూ గుడ్డ మీద గీత లాగితే, చూస్తుండగానే గీత నల్లబడుతుంది. వగరు పట్టని గుడ్డ మీద అదే నీరు తుప్పు మరకలా ఉండిపోతుంది.

ఇన్నేళ్లుగా చేతిలో ఉన్న పనే అది. ఆరోజు మాత్రం ఒక గుడ్డ కొస మీద కలం ఆనించి, నలుపు లేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. ఈ నలుపు కుండలో లేదు, కలంలో లేదు. తడిపిన రోజునే గుడ్డలోకి చేరి, కంటికి కనబడకుండా కూర్చుంది. సేవ అంటే ఏమిటో ధూర్జటి పద్యంలో నాకు అప్పటిదాకా అందలేదు. పువ్వులు వేయడం, ప్రదక్షిణం చేయడం అనుకునేవాణ్ని. తడపడం, పిండడం, ఆరేయడం కూడా ఆ మాటలోకే వస్తాయని గుడ్డలు తడుపుతుంటేనే తెలిసింది.

ఇదే శతకంలో ఆయన "రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు" అని కూడా అన్నాడు. ఆర్డర్ల మీద బతికే మాబోటివాళ్లకు ఈ మాట తగులుతుంది. కొనేవాడి మెప్పు కోసం రాముడి ముఖం వెతికానా, రాముడి కోసం వెతికానా? అడగవలసింది నన్నే. జవాబు ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది.

ముఖం ఎప్పుడు వచ్చిందో సరిగ్గా చెప్పలేను. ఏడెనిమిది రోజుల తర్వాత ఒక పొద్దున, చేతులకు కరక్కాయ వాసన పోకముందే కూర్చున్నాను. బొగ్గు ఆగలేదు. దించిన కళ్లు వచ్చాయి, నేను అనుకున్నవి కావు.

సాలీడు కథలో నన్ను ఎప్పుడూ కదిలించేది దాని నేర్పు కాదు. స్వామికి దారాలతో గుడి అల్లింది. దీపం తగిలి అదంతా కాలిపోయింది. తాను అల్లినది పోయిందని మూల చేరి ఏడవలేదు. స్వామి ఇల్లు కాల్చిందని ఆ దీపాన్నే మింగబోయింది.

ఇది వాయులింగం. గాలి చొరని గర్భగుడిలో ఒక దీపం అల్లల్లాడుతూ ఉంటుంది, అది స్వామి ఊపిరి అంటారు. నాకు మాత్రం ఆ మంట కదిలినప్పుడల్లా దాని మీదికి ఉరుకుతున్న సాలీడే కనిపిస్తుంది. పట్టాభిషేకం గుడ్డను చివరిసారి ఉతికి ఆరేసిన సోమవారం కూడా అలాగే కనిపించింది.