జోజిలా 1948 డయోరమా: మూడోసారీ పగిలిన మంచు

జోజిలా కనుమ యుద్ధ దృశ్యాన్ని చిన్న నమూనాగా (డయోరమా) కడుతున్నాను. స్టువార్ట్ అనే తేలికపాటి ట్యాంకు బొమ్మ పూర్తయింది, బురద పూత కూడా మొదటిసారే కుదిరింది. తలనొప్పంతా మంచుతోనే.

దృశ్యం కశ్మీర్‌లో భారత్-పాక్ యుద్ధం నాటిది, 1948 నవంబర్ 1 మధ్యాహ్నానిది. సుమారు 11,500 అడుగుల ఎత్తున్న కనుమ మీదుగా భారత సైన్యపు 7వ లైట్ కావల్రీ ట్యాంకులు కనుమ అవతలి గుమ్రి వైపు దూసుకొస్తున్నాయి. ఆ ఎత్తుకి, ఆ చలిలో ట్యాంకులొస్తాయని ఎదుటివాళ్లు ఊహించలేదు. కనుమ ఇవతలి బాల్తాల్ నుంచి దారి తొలిచింది మద్రాస్ శాపర్లు (సైన్యపు ఇంజినీర్లు). అంటే ట్యాంకు కింద ఉండాల్సింది దూదిలాంటి మంచు కాదు, మట్టితో నలిగిన మంచు. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే పట్టా గాడి స్పష్టంగా పడాలి: అసలు వెడల్పు 11.6 అంగుళాలు, నా 1/35 స్కేలులో 8.4 మి.మీ.

మంచు కోసం మొదటి రెండు పోతల్లో బేకింగ్ సోడా 2 వంతులు, తెల్ల జిగురు 1, నీళ్లు అర. ఒకేసారి 13 మి.మీ. మందం పోస్తే 30 గంటలకి 10 మి.మీ.కి కుంగి, నడిమధ్యన 2 మి.మీ. పగులు. మూడో రోజుకి అంచులు టీ ఒలికినట్టు పచ్చబడ్డాయి. జిగురే పచ్చబడుతోందనుకుని అదే ముద్దని గాజు ముక్క మీద ఆరబెడితే తెల్లగానే ఉంది. అంటే తప్పు జిగురుది కాదు, కింద వేసిన గోధుమ రంగుది: నీళ్లు దాన్ని పైకి లాగుతున్నాయి. ఆ రంగు మీద టామియా ఎక్స్ఎఫ్-86 మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ రెండు పూతలు వేశాక మరక ఆగింది. మ్యాట్ వార్నిష్‌లో నాకింకా దానికి సాటి కనబడలేదు.

మూడోసారి సోడా మానేసి గాజు మైక్రోబెలూన్లు, అంటే పొడిలాంటి బోలు గాజు పూసలు (మాస్కు లేకుండా డబ్బా మూత తీయొద్దు). తెలుపు చక్కగా వచ్చింది, పగులు మాత్రం మళ్లీ గాడి అంచునే. 40 నిమిషాలకి పట్టా నొక్కితే ముద్ద దానికే అంటుకుని లేచొచ్చింది. 3 గంటలకి నొక్కితే అంచులు బిస్కెట్‌లా విరిగాయి. పలుచటి ప్లాస్టిక్ కాగితం అడ్డుపెట్టి 90 నిమిషాలకి నొక్కితే గాడి బాగానే పడింది, కానీ మర్నాటికి వెంట్రుకవాసి చీలిక. అడుగున మందం ఇంకా 6 మి.మీ. ఉండటమే కారణమని అనుమానం. పైన చర్మం కట్టాక లోపలి నీళ్లకి దారి లేదు.

కాబట్టి నాలుగోసారి ఎత్తంతా ఫోమ్‌లోనే చెక్కి, గాడిని కూడా అందులోనే తవ్వి, పైన 2 మి.మీ. ముద్ద మాత్రమే. ఫోమ్ పొరలు అతకడానికి మామూలు ఫెవికాల్ చాలు, హాబీ దుకాణం జిగురు దండగ. తెలుపు కలిపేటప్పుడు ఆల్కహాల్ ఉన్న అక్రిలిక్ జోలికి పోకండి, జిగురు పాలు విరిగినట్టు విరుగుతుంది.

నీడ సంగతొకటి మిగిలింది. దాడి మొదలైంది 2:40కి, సూర్యుడు నైరుతిలో, ట్యాంకుల వెనకాల. అంటే మంచు గుట్టల ముందువైపే లేత నీలం పడాలి.

ఇది నిలబడితే తర్వాతిది టరెట్ (పైన తిరిగే ఫిరంగి గూడు) విప్పేసిన స్టువార్ట్. శ్రీనగర్ దాకా రహస్యంగా తెచ్చింది అలాగే కదా. దాని మీద కప్పే టార్పాలిన్‌కి టిష్యూ పేపరా, సీసపు రేకా అన్నది ఇంకా తేల్చలేదు.