గాడిదెక్కిన బ్యాంకరు

ఈయన "లైటు" అని రెండుసార్లన్నారు. మూడోసారి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు. అలగనీ.

మధ్యాహ్నం చూసిన బొమ్మ వదలట్లేదు. 1720లో షేర్లు కుప్పకూలాక ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వ్యంగ్య చిత్రాల సంపుటం వచ్చింది, పేరుకి అర్థం 'వెర్రితనపు మహా దృశ్యం'. అందులో ఫ్రాన్సులో బ్యాంకు నడిపిన జాన్ లా, పాత స్పానిష్ నవలలోని వెర్రి వీరుడు డాన్ క్విక్సోట్‌కి రెండో అవతారంలా, ఆ వీరుడి సేవకుడు సాంకో గాడిదెక్కి కూర్చుంటాడు. ఫ్రాన్సు ఖజానానే ఆడించిన మనిషి! తన మిసిసిపీ కంపెనీ షేరుని 500 లివ్ర్‌ల (అప్పటి ఫ్రెంచి డబ్బు) నుంచి 1719 చివరికి 10,000 దాకా ఎక్కించాడు. మరుసటేడు డిసెంబరుకల్లా దేశం వదిలి పరార్. డచ్చివాళ్ళు ఈ బేరాల్ని 'గాలి వ్యాపారం' అన్నారు. భలే మాట.

కాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాతే ఒళ్ళు మండింది. ధర ఎక్కుతున్నప్పుడు ఈ నవ్వంతా ఏ గంగలో ఉంది? పైగా కొన్ని బొమ్మలకి పాత రాగి పలకలే వాడి, కింద రాత మార్చి అచ్చేశారు. ఎగతాళీ సరుకే అన్నమాట. నిన్న షేరు కోసం తోసుకున్నవాడే ఇవాళ ఈ బొమ్మ కొని "నేనప్పుడే అనుకున్నా" అని ఉంటాడు. ఈ 'అప్పుడే అనుకున్నా' బాపతంటే నాకు అసలు పడదు, మీకు తెలిసిందే.

పెద్ద మావయ్య షేర్లలో పోగొట్టుకున్నప్పుడు నాకు పదకొండేళ్ళు. లెక్కల నోట్సు చివరి పేజీలో ఆయన బొమ్మేశాను. బుగ్గలు పూరించి బుడగ ఊదుతున్నట్టు, బుడగ మీద 'లాభం' అని. అత్త తప్ప ఇంట్లో అందరూ నవ్వారు. కాగితం చేతులు మారి మారి ఆయన దగ్గరికే చేరింది. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "మీసం బాగా కుదిరిందే" అని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ నవ్వినవాళ్ళలో ఇద్దరు ఆయన చేత తమకీ షేర్లు కొనిపించుకున్నారని చాలా ఏళ్ళకి తెలిసింది. వాళ్ళ బొమ్మలు నేను వెయ్యలేదు.

అయినా ఇందాకట్నుంచీ లానీ మావయ్యనీ ఒకే తాటికి కడుతున్నానేంటి? 1720లో ఎవరూ 500 లివ్ర్‌లకి మించి నాణేలు దాచుకోకూడదని ఉత్తర్వు తెప్పించిన ఘనుడు లా. చేతిలో వెండి లాక్కుని కాగితం పెట్టాడు. వాణ్ణి గాడిదెక్కించాల్సిందే, ఆ బొమ్మని ఎవడు ఎంతకి అమ్ముకున్నా సరే. మావయ్య పోగొట్టుకున్నది తన డబ్బు.

అత్తకి ఫోన్ చేసి ఆ కాగితం ఉందా అని అడగాలనుంది. పన్నెండు కావస్తోంది. రేపైనా అడుగుతానని కాదు.