ఈగల ల్యాబు నుంచి శాంపిళ్ల గదికి

మా బ్యాచ్‌లో ఒక్కరం కూడా వైద్య పరీక్షలు చేద్దామని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చేరలేదు. పండు ఈగల్లో జన్యువులు ఎప్పుడు మేల్కొంటాయి, వరి ఎండాకు తెగులును ఎలా తట్టుకుంటుంది, కణం ఎలా చీలుతుంది లాంటి ప్రశ్నలు పట్టుకుని వచ్చినవాళ్లం. ఒక ప్రశ్నకు జవాబు దొరకడానికి నాలుగేళ్లు పట్టినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. 2020 మార్చి చివర్లో అదే సంస్థ పొద్దున వచ్చిన శాంపిల్‌కు వీలైతే రాత్రికల్లా జవాబు చెప్పాల్సిన చోటుగా మారింది. ఆ మార్పును లోపలినుంచి చూసిన విద్యార్థిగా మన పత్రిక కోసం ఇది రాస్తున్నాను.

లాక్‌డౌన్ ప్రకటించే నాటికి హాస్టల్లో సగం మంది ఊళ్లకు వెళ్లిపోయారు. అప్పటికి రాష్ట్రంలో కరోనా పరీక్ష చేయగల ల్యాబులు చాలా తక్కువ. వైరస్ జన్యు పదార్థాన్ని పట్టుకునే ఆర్‌టీ-పీసీఆర్ యంత్రాలు మా దగ్గర ఉన్నాయి, వాటి మీద రోజూ పనిచేసే చేతులూ ఉన్నాయి. అప్పటి డైరెక్టర్ రాకేశ్ మిశ్రా గారు స్వయంగా పండు ఈగల మీద పనిచేసిన మనిషి. ఇష్టమున్నవాళ్లు ముందుకు రండి అని కబురు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లు ఆలోచించుకోమన్నారు. అయినా పేర్లు గబగబా వచ్చేశాయి. ఫోన్‌లో మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "జాగ్రత్తగా చెయ్యి తల్లీ" అని మాత్రం అంది.

పీసీఆర్ మాకు కొత్త కాదు. ట్యూబు వెనకాల మనిషి ఉండటం కొత్త. రీసెర్చిలో ప్లేటు పాడైతే రేపు మళ్లీ పెట్టుకుంటాం. ఇక్కడ రిపోర్టు కోసం ఎవరో ఐసోలేషన్ వార్డులో ఎదురుచూస్తుంటారు, వాళ్ల ఇంటివాళ్లు క్వారంటైన్‌లో ఉంటారు. 96 గుంతల ప్లేటులో ఒక్క శాంపిల్ పక్క గుంతలో పడితే ఇద్దరి జీవితాలు తారుమారవుతాయి. అందుకే ఒకరు నంబరు పైకి చదివితే ఇంకొకరు చూసి టిక్ పెట్టేవాళ్లం. ఫలితం ముందే తెలిసిన శాంపిల్, అంటే కంట్రోల్, సరిగా రాకపోతే ఆ ప్లేటు మొత్తం మళ్లీ చేయాల్సిందే. ఏప్రిల్ ఎండల్లో పీపీఈ కిట్టు వేసుకుంటే పది నిమిషాల్లో ఒళ్లంతా చెమట. కళ్లద్దాలు మసకబారినా తుడుచుకోవడానికి ఉండదు. షిఫ్టు అయిపోయేదాకా నీళ్లు తాగకూడదు. ఇంత టెన్షన్‌లోనూ గొంతు పెంచి మాట్లాడిన మనిషి నాకు గుర్తులేదు.

ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి, మెడికల్ కాలేజీల నుంచి టెక్నీషియన్లు ట్రైనింగ్‌కు వచ్చేవాళ్లు. చుక్కలు కొలిచి వేసే పిపెట్ పట్టడం, ఒక శాంపిల్ ఇంకొకదానిలో కలిసే కంటామినేషన్ రాకుండా చూసుకోవడం మేం చూపించాం. శాంపిల్ ఎలా అందుకోవాలి, రిజిస్టర్ ఎలా రాయాలి, వివరాలు సరిపోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ వాళ్లు మాకు నేర్పారు. పీహెచ్‌డీ సంగతి ఎలా ఉన్నా ఆ పని విషయంలో వాళ్లే మాకు గురువులు. నేనిప్పుడు ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో ఉన్నాను. రోజూ నాకు పనికొచ్చేది వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

ఇంత హడావుడిలోనూ ఈగలను బతికించుకోవాలి. ఈ సంగతి బయటివాళ్లకు తెలియదు. స్టాకులను కొన్ని వారాలకొకసారి కొత్త మేత ఉన్న సీసాల్లోకి మార్చకపోతే ఏళ్ల తరబడి కూడబెట్టిన రకాలు చచ్చిపోతాయి. పాసులున్న ఒకరిద్దరు క్యాంపస్‌కు వచ్చి, ఊళ్లలో ఉన్నవాళ్ల ఈగలను కూడా మార్చిపెట్టి వెళ్లేవారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో థీసిస్‌లు వాళ్ల పుణ్యమే.

నన్ను అడిగితే, మా సంస్థ స్వభావం అసలు బయటపడింది డ్రై స్వాబ్ పద్ధతిలో. మామూలుగా ముక్కులోంచి తీసిన స్వాబ్‌ను వీటీఎం అనే ద్రవంలో వేసి పంపిస్తారు. దారిలో కొన్ని ట్యూబులు కారేవి. అలాంటి పెట్టె తెరిచిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. తర్వాత వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వేరు చేయాలి. సమయం ఎక్కువగా తినేసేది, ఖర్చు ఎక్కువయ్యేది ఆ దశలోనే. దానికి కావాల్సిన కిట్లకేమో కొరత. మౌలిక పరిశోధన చేసేవాళ్లకు ఒక అలవాటుంటుంది. ప్రోటోకాల్లో ప్రతి మెట్టునూ 'నువ్వెందుకున్నావు?' అని అడుగుతారు. ఇక్కడా అదే అడిగారు. స్వాబ్‌ను పొడిగానే తెప్పించి, ఏ ల్యాబులోనైనా ఉండే టీఈ బఫర్ అనే ద్రావణంలో నానబెట్టి, 98 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు వేడి చేస్తే వైరస్ చస్తుంది, ఆర్‌ఎన్‌ఏ బయటికొస్తుంది. దాన్ని నేరుగా పీసీఆర్‌లో పెట్టేయొచ్చు. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త కిట్టూ అక్కర్లేదు. 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆమోదం వచ్చింది. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో రిపోర్టుల కోసం జనం రోజుల తరబడి ఎదురుచూస్తుంటే నా మనసు విలవిల్లాడింది. అంత తేలికైన పద్ధతి మరిన్ని జిల్లా ల్యాబులకు చేరి ఉండాల్సింది. ఈ మాట ఇప్పటికీ గట్టిగానే అంటాను.

పరీక్షలతో పాటు పాత అలవాటు కొద్దీ ప్రశ్నలూ సాగాయి. మా పొరుగున తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్లతో కలిసి నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి అందులో వైరస్ జాడ వెతికారు. సోకినవాళ్ల మలంలో దాదాపు 35 రోజుల వరకూ వైరస్ ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి, ఆ నీళ్లే ఊరి లెక్క చెప్పగలవు. 2020 ఆగస్టులో వచ్చిన అంచనా ప్రకారం హైదరాబాద్‌లో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుంది. రోజూ బులెటిన్‌లో చూసే కేసులకు అది ఎన్నో రెట్లు. 2021లో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్), టీకా కంపెనీ భారత్ బయోటెక్‌లతో కలిసి చేసిన సర్వేలో నగరంలో 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో ఎక్కువమందికి తమకు జబ్బు వచ్చిపోయిందనే తెలియదు. అదే ఏడాది మేలో నెహ్రూ జూ పార్కులో 8 సింహాలకు సోకినట్టు తేల్చింది కూడా అత్తాపూర్‌లో ఉన్న మన సంస్థ వన్యప్రాణి విభాగం లాకోన్స్ వాళ్లే.

2020 డిసెంబరులో దేశంలో వైరస్ జన్యుక్రమాలను గమనించడానికి 10 ల్యాబులతో ఇన్సాకాగ్ అనే కూటమి మొదలైనప్పుడు మన సంస్థ కూడా అందులో ఉంది. అప్పటికి నేను థీసిస్ రాతలో పడ్డాను. ఆ భాగం నా జూనియర్లు రాస్తేనే బాగుంటుంది.

ఈ సంచికను తీసుకొస్తున్న మిత్రులకు ఒక్క కోరిక. ఆ రోజుల మీద వచ్చిన పేపర్లలో శాస్త్రవేత్తల పేర్లు, విద్యార్థుల పేర్లు ఉన్నాయి. లాక్‌డౌన్‌లో శాంపిళ్ల పెట్టెలు మోసిన డ్రైవర్లు, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ దగ్గర వ్యర్థాలు చూసుకున్నవాళ్లు, అర్ధరాత్రి షిఫ్టు దిగినవాళ్లకు అన్నం వేడిగా ఉంచిన మెస్ సిబ్బంది వాటిలో లేరు. వాళ్లలో కొందరు రిటైరయ్యారు కూడా. ఎవరి షిఫ్టులో ఎవరున్నారో గుర్తున్నవాళ్లు, ఆ మనుషుల అనుమతి తీసుకుని, పేర్లు సంపాదక బృందానికి పంపండి. వచ్చే సంచికలో మొదటి పేజీలు వాళ్లకే ఇద్దాం.