పొడుగు స్కీలు, తోలు బూట్లు: పాతకాలపు మలుపు అలా ఎందుకుండేది

1950, 60ల నాటి స్కీయింగ్ ఫిల్ములు చూస్తే మొదట కంటపడేది ఆ భంగిమ. రెండు పాదాలూ అతుక్కుపోయినంత దగ్గరగా ఉంటాయి, మోకాళ్లు జంటగా కదులుతాయి, నడుము కాస్త వంకరగా ఉంటుంది, ఛాతీ లోయ వైపు చూస్తుంది. ప్రతి మలుపుకీ ముందు మనిషి కుంగి, లేచి, మళ్లీ కుంగుతాడు. ఇప్పటివాళ్లకి అదంతా అనవసరపు హంగులా కనిపిస్తుంది. కొంత హంగే, కాదనను. కానీ అందులో ఎక్కువ భాగం ఆ స్కీలూ ఆ బూట్లూ పట్టుబట్టి చేయించుకున్నదే.

స్కీ పొడవు ఎంచుకునే లెక్క అప్పట్లో చాలా సులువు. చెయ్యి పైకెత్తి నిలబడితే స్కీ కొన మణికట్టుకి తగలాలి. 175 సెంటీమీటర్ల మనిషికి అలా 205 నుంచి 210 వచ్చేది. స్కీ నడిమి భాగం (దీన్నే నడుము అంటారు) వెడల్పు 68–70 మిల్లీమీటర్లు, ముందు 85–88, వెనక 76–78. అంటే పక్క అంచు లోపలికి వంగిన లోతు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, అంతే. మంచుకి ఆనే పొడవు 185 సెంటీమీటర్లు అనుకుని ఆ వంపుని వృత్తంగా పొడిగిస్తే వ్యాసార్ధం 50 మీటర్లు దాటుతుంది. ఇప్పటి 165 సెంటీమీటర్ల స్లాలం (ఇరుకు మలుపుల పోటీ) స్కీకి అది 12, 13 మీటర్లు. ఇప్పటి స్కీని అంచు మీదకి ఒరిగిస్తే దానంతటదే తిరుగుతుంది. పాతదాన్ని ఒరిగిస్తే వాలుకి అడ్డంగా దాదాపు తిన్నగా పోతుంది. అందుకే దాన్ని తిప్పాలంటే మంచు మీద పట్టు ఒక్క క్షణం వదిలించి, అడ్డం తిప్పి, మళ్లీ అంచు పట్టించాలి. ఆ కాలపు టెక్నిక్ గొడవలన్నీ ఆ ఒక్క క్షణాన్ని ఎలా సంపాదించాలన్న దాని చుట్టూ తిరిగినవే.

సంపాదించే మార్గం శరీరాన్ని లేపడం. ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. మోకాళ్లు చాచి లేవడం మొదలుపెట్టినప్పుడు స్కీ మీద బరువు తగ్గదు, పెరుగుతుంది. లేవడం ఆగబోతున్నప్పుడే తేలికవుతుంది. కాబట్టి మడమలు తిప్పాల్సింది లేచే కదలిక చివర్న. లేస్తుండగానే తిప్పబోతే స్కీలు మంచులో పాతుకుపోతాయి, పై శరీరం మాత్రం తిరుగుతుంది, మనిషి పక్కకి పడతాడు. ఉన్నట్టుండి కుంగడం ద్వారా కూడా బరువు తేల్చవచ్చు. అది వెంటనే పనిచేస్తుంది కానీ దొరికే వ్యవధి చాలా తక్కువ. 210 సెంటీమీటర్ల చెక్కని తిప్పడానికి అది చాలదు కాబట్టే నేర్పేవాళ్లు లేవడాన్నే పట్టుకున్నారు.

దీనికంటే ముందు తరానికి ఆస్ట్రియాలోని సెయింట్ ఆంటన్‌లో హాన్నెస్ ష్నైడర్ తీర్చిదిద్దిన ఆర్ల్‌బెర్గ్ పద్ధతి ఉండేది. స్నోప్లౌతో (కొనలు దగ్గరగా, వెనక భాగాలు దూరంగా పెట్టి జారడం) మొదలై, స్టెమ్ మలుపు (ఒక స్కీ వెనక భాగాన్ని పక్కకి తోసి తిరగడం) మీదుగా, స్టెమ్ క్రిస్టీ దాకా మెట్లు మెట్లుగా నేర్పే విధానం. ఇందులో స్టెమ్ క్రిస్టీ దశాబ్దాల తరబడి సగటు స్కీయర్‌కి రోజువారీ మలుపు. చేసే తీరు ఇది. వాలుకి అడ్డంగా, కింది స్కీ మీద బరువు పెట్టి జారుతూ రావాలి. పై స్కీ తోకని (వెనక కొసని) పక్కకి తోయాలి, కొనలు దగ్గరగానే ఉండాలి. కింది వైపు పోల్ (చేతికర్ర) గుచ్చి, లేస్తూ, బరువుని ఆ తోసిన స్కీ మీదకి మార్చాలి. స్కీలు వాలు నేరుగా దిగే దిశకి వచ్చేసరికి లోపలి స్కీని పక్కకి చేర్చి జంట కలపాలి. ఆపై మోకాళ్లు కుంగించి కొండ వైపు నెట్టి, తోకలు జారనిస్తూ మలుపు ముగించాలి. చెడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. వాలు చూసి భయపడి కొండ వైపు ఒరిగితే బరువు కొత్త స్కీ మీదకి రాదు, లోపలి స్కీ అంచు కరుచుకుంటుంది, కొనలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. భయం వేసినప్పుడు లోయ వైపు ఒరగమని చెప్పడం తేలికే గానీ, ఒంటికి అది అర్థమవడానికి నెలలు పడుతుంది.

స్టెమ్ లేకుండా మొదట్నుంచీ స్కీలు జంటగా ఉంచాలన్నది ఫ్రెంచ్ వాదన. 1937లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఎమీల్ అల్లే దానికి పెద్ద దిక్కు. భుజాన్ని మలుపు దిశలో విసిరి ఆ ఊపుతో స్కీలని తిప్పేవారు. ఆస్ట్రియన్లు దీనికి సరిగ్గా తలకిందులు: భుజాలు ఒకవైపు, మడమలు మరోవైపు. స్టెఫాన్ క్రుకెన్‌హౌజర్ మెరుగుదిద్దిన ఈ శైలిని, ముఖ్యంగా వేడెల్న్‌ని (ఆగకుండా వరసగా వేసే చిన్న మలుపులని), 1955లో వాల్ దిజేర్‌లో జరిగిన ఇంటర్‌స్కీ అనే స్కీ శిక్షకుల సమావేశంలో ప్రదర్శించాక లోకమంతా అటే తిరిగింది. ఛాతీ లోయకేసి స్థిరంగా ఉంటుంది, కాళ్లు మాత్రం అటూ ఇటూ ఆడతాయి. కుంగు, పోల్ గుచ్చు, లేచి మడమలు నెట్టు. అంచు పట్టగానే అదే ఎగదన్నుతో తర్వాతి మలుపు. మధ్యలో అడ్డంగా జారడం ఉండకూడదు, ఒక మలుపు ముగింపే రెండోదానికి ఆరంభం. వేడెల్న్‌లో సాధారణంగా కనిపించే తప్పు తుంటి ఊపడం. కాళ్లకి బదులు నడుము తిరిగితే తోకలు కదిలినట్టే ఉంటాయి గానీ అంచు పట్టదు, గట్టి మంచు మీద పక్కకి జారిపోతారు. పోల్‌ని ముందుకు కాకుండా పక్కన గుచ్చితే భుజం వెనక్కి లాగేస్తుంది, అక్కడితో లయ పోతుంది.

పాదాలు అతికించుకోవడానికి కారణం బూట్లలో ఉంది. తోలు బూటు చీలమండ దగ్గర పక్కకి లొంగిపోతుంది. ఒక్క కాలితో పొడుగు స్కీని అంచు మీద నిలబెట్టడం కష్టం కాబట్టి ఒక మోకాలు ఇంకో మోకాలికి ఆసరా ఇచ్చేది. తొక్కని లోతు మంచులో రెండు స్కీలూ ఒకే పలకలా పోతే కొనలు విడిపోయే ప్రమాదం కూడా తక్కువ. బూట్లు గట్టిపడ్డాక కూడా ఆ ఫ్యాషన్ 80ల దాకా సాగింది, అప్పటికి మాత్రం దానికి పనిపరమైన కారణం మిగల్లేదని నా అభిప్రాయం.

జంటపొరల తోలు బూటుకి లోపల ఒక లేసు, బయట ఇంకో లేసు. వేళ్ల దగ్గర వదులుగా, పాదం మీద గట్టిగా, చీలమండ దగ్గర ఇంకా గట్టిగా, కొక్కెంతో లాగి కట్టాలి. ఒంటి వేడికీ తడికీ తోలు సాగుతుంది కనుక రెండు మూడు సార్లు వాలు దిగాక మళ్లీ బిగించక తప్పదు. వేళ్ల దగ్గర బిగిస్తే రక్తం ఆడక వేళ్లు గడ్డకడతాయి. సాయంత్రం బూటుని లోహపు ప్రెస్‌లో బిగించి ఆరబెట్టాలి, లేదంటే అడుగు పైకి వంకరపోతుంది. అడుగు వంగితే బైండింగ్‌ని (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని) నమ్మడానికి లేదు. పొయ్యి పక్కన ఆరబెడితే తోలు బీటలు వారుతుంది. 50ల మధ్యలో హెంకే బకిల్ బూట్లు వచ్చి లేసుల బాధ తీర్చాయి, 60ల మధ్య నుంచి బాబ్ లాంగే ప్లాస్టిక్ బూట్లు తోలుకే స్వస్తి చెప్పాయి. వాటి ముందంచు కాలి ఎముకకి కొట్టే దెబ్బకి స్కీయర్లు వాటి పేరునే తగిలించారు: లాంగే బ్యాంగ్.

బైండింగ్ దగ్గరే ఆ కాలం నిజంగా ప్రమాదకరం. కాండహార్ కేబుల్‌లో బూటు ముందు భాగం ఇనుప దవడల మధ్య కూర్చుంటుంది, మడమ గాడిలో స్ప్రింగు కేబుల్ పడుతుంది, ముందున్న మీట నొక్కితే బిగుస్తుంది. దిగేటప్పుడు కేబుల్‌ని పక్కనున్న వెనక కొక్కేల కింద పెడతారు, మడమ లేవదు. ఎక్కేటప్పుడు తీసేస్తారు, మడమ ఆడుతుంది. వదలడం అన్నది దాని పని కాదు. కాలు మెలిపడితే ముందు విరిగేది ఎముక. చీలమండ చుట్టూ మీటరున్నర పైచిలుకు తోలు పట్టీ చుట్టుకునేవాళ్లు ఇంకా గట్టి పట్టు కోసం ఆ ప్రమాదాన్ని తెలిసే తెచ్చుకునేవారు. 1950ల మొదట్లో లుక్, మార్కర్ కంపెనీల ముందు బైండింగులు పక్కకి తెరుచుకోవడం మొదలుపెట్టాయి. అయినా ఇబ్బంది పోలేదు, ఎందుకంటే స్ప్రింగు ఎంత సరిగ్గా పెట్టినా బూటు అడుక్కీ స్కీకీ మధ్య రాపిడి రోజుకో రకంగా ఉండేది. అడుగున అంటిన మంచు గడ్డ, వంకరపోయిన తోలు, తుప్పు, ఏదైనా లెక్క మార్చేస్తుంది. తర్వాత బూటు కింద టెఫ్లాన్ పలక పెట్టింది ఇందుకే. తొడిగే ముందు అడుగుని పోల్‌తో గీకి శుభ్రం చేయడం అప్పుడు మర్యాద కాదు, ప్రాణరక్షణ. స్కీ ఊడితే కొండ దిగి పారిపోకుండా కాలికి పట్టీ కట్టేవారు. కానీ పడ్డప్పుడు ఆ పట్టీతో వేలాడే స్కీ గిర్రున తిరిగి తలకీ ముఖానికీ కోతలు పెట్టేది. 1970ల రెండో సగంలో స్కీ బ్రేకులు మామూలై పట్టీలు పోవడాన్ని, బూట్ల కంటే పెద్ద మేలుగా నేను లెక్కేస్తాను.

స్కీ సంగతి. హికరీ చెక్క స్కీలకి ఉక్కు అంచులు ముక్కలు ముక్కలుగా, చిన్న స్క్రూలతో బిగించేవారు. చెక్క తడికి ఉబ్బి, వంగి లేచేసరికి స్క్రూలు వదులయ్యేవి. ఒక ముక్క అర మిల్లీమీటరు బయటికి పొడుచుకొచ్చినా అది మంచుని కరుచుకుని మనిషిని పడేస్తుంది. జేబులో స్క్రూడ్రైవరూ నాలుగు స్క్రూలూ లేకుండా తెలిసినవాడెవడూ బయల్దేరేవాడు కాదు. 1950లో హోవర్డ్ హెడ్ అల్యూమినియం రేకుల మధ్య ప్లైవుడ్ అతికించి చేసిన స్కీ చాలా తేలిగ్గా తిరిగింది. అందుకే వాటికి మోసకారులని ముద్దుపేరు పడింది. 1960 స్క్వా వ్యాలీ ఒలింపిక్స్ డౌన్‌హిల్‌ని ఝాన్ వార్నే లోహపు స్కీల మీద గెలిచాక చెక్క వెనకబడింది. ఆపైన ఫైబర్‌గ్లాస్ వచ్చింది.

అంచు పదును విషయంలో పాత స్కీకి ఒక ప్రత్యేక నియమం ఉంది. ఇది తిరగాల్సింది జారుతూ కాబట్టి అడుగు భాగం సమతలంగా ఉండి తీరాలి. లోహపు స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకి ఎత్తి చూడాలి. అంచులు పైకి, నడుమ లోతుగా ఉంటే అది పట్టాల మీద రైలులాగా పోతుంది, ఎంత లేచినా తిరగదు. చదునైన ఆకురాయితో అంచులు దించాలి. నడుమ ఉబ్బి ఉంటే తెడ్డులా ఊగుతుంది, పట్టు దొరకదు. సమం చేశాక ముందు, వెనక కొనల దగ్గర 10–15 సెంటీమీటర్ల మేర అంచుని మొద్దుబార్చడం ఆనవాయితీ. అది చేయకపోతే మలుపు మొదట్లో కొన గుచ్చుకుంటుంది, ముగింపులో తోక వదలదు. పాలిథీన్ అడుగులో గీతలు పడితే ప్లాస్టిక్ కొవ్వొత్తి వెలిగించి చుక్కలు వేయాలి. మంట పెద్దదైతే మసి కలిసి అతుకు ఊడుతుంది, కాబట్టి కొనని అడుక్కి దగ్గరగా పట్టి మంటని చిన్నదిగా ఉంచాలి.

లిఫ్టుల్లో పరీక్ష ఇంకోరకం. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీ లిఫ్టు వచ్చినా, చాలా కొండల మీద పైకి లాగే తాడూ, టీ-బారూ (తాడుకి వేలాడే టీ ఆకారపు కర్ర) ఎన్నో ఏళ్లు నడిచాయి. కదిలే తాడుని ఒక్కసారి గట్టిగా పట్టుకుంటే భుజం లాగేస్తుంది. మొదట చేతి తొడుగులో జారనిచ్చి, నెమ్మదిగా పట్టు బిగించాలి. తాడు మెలితిరుగుతుంది కనుక వదులు మఫ్లర్, జుట్టు దాని దగ్గరికి రాకూడదు. టీ-బార్ మీద కూర్చోకూడదు, అది తొడల వెనక ఆని నెడుతుందంతే. జంటలో ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయితే కర్ర ఒకరికి మోకాళ్ల దగ్గర, మరొకరికి నడుం దగ్గర పడి ఇద్దరికీ ఇబ్బందే.

యంత్రాలు వాలుని చదును చేయని రోజుల్లో పడినవాడు తన పిరుదులు చేసిన గుంతని తానే పూడ్చి వెళ్లాలి. వెనకవాడి స్కీ కొన అందులో దిగితే కాలు విరుగుతుంది. మొగుల్స్ అనే మంచు గుట్టలు కూడా స్కీయర్ల మలుపులు చెక్కినవే. పొడుగు స్కీలు వాటిని పొడవుగా, గుండ్రంగా చెక్కేవి. క్లిఫ్ టేలర్ ఆలోచనతో పుట్టిన, మీటరు స్కీతో మొదలుపెట్టి పొడవు పెంచుకుంటూ పోయే జీఎల్ఎం (గ్రాడ్యుయేటెడ్ లెంగ్త్ మెథడ్) పద్ధతి 60ల చివర్నుంచి వ్యాపించాక, గుట్టలు పొట్టిగా, నిటారుగా మారాయని పాతవాళ్లు సణిగారు. సణుగుడులో నిజముంది, పొట్టి స్కీ ఇరుకు మలుపు తిప్పితే గుట్టల మధ్య దూరమూ తగ్గుతుంది. ఆ గుట్టల మీద లేవడం పనికిరాదు, గుట్టే మనిషిని ఎగరేస్తుంది. అక్కడ మోకాళ్లు పొట్టలోకి మడిచి గుట్టని మింగాలి, దాటాక కాళ్లు చాచి మంచుని వెతుక్కోవాలి. ఫ్రెంచివాళ్లు అవాల్మాఁ అన్న ఈ కదలికకి కొత్త ప్లాస్టిక్ బూట్ల ఎత్తైన వెనక భాగమే ఆసరా. తోలు బూటుతో వెనక్కి వాలితే కూలబడడమే.

ఇప్పుడెవరైనా పాత స్కీ మీద ఆ మలుపు ప్రయత్నించాలనుకుంటే స్కీ ఒక్కటే పాతది ఉండనివ్వండి. 70, 80ల ప్లాస్టిక్ బూట్లు వాడకపోయినా పాలియురిథేన్ కాలక్రమంలో పెళుసవుతుంది, చూడ్డానికి బాగున్నవే వాలు మీద ముక్కలైపోతాయి. పాత బైండింగ్‌లో గ్రీజు గట్టిపడుంటుంది, మీద రాసున్న అంకెకీ అది నిజంగా వదిలే బలానికీ సంబంధం ఉండదు. పాతవాటిని చాలా దుకాణాలు సర్దడానికి ఒప్పుకోవు, అది సరైన పనే. కొత్త బైండింగ్ బిగించాలంటే పాత రంధ్రాలకి దూరంగా కొత్తవి వేయించాలి, చెక్క స్కీలకైతే ఆ ఆలోచనే వద్దు. నున్నగా చదును చేసిన, కాస్త మెత్తటి మంచున్న, వాలు తక్కువ చోటుతో మొదలుపెట్టండి. అక్కడ స్టెమ్ క్రిస్టీతో పది మలుపులు కుదిరాకే పాదాలు దగ్గరికి తెచ్చి పారలల్ (స్కీలు జంటగా ఉంచే మలుపు) చూడండి. ముగించాక చెక్క స్కీలైతే తుడిచి, అడుగులు ఎదురెదురుగా పెట్టి, కొనలూ తోకలూ కట్టి, నడుమ చెక్క దిమ్మ దూర్చి ఉంచాలి. లేకపోతే వాటి విల్లు వంపు కొన్నాళ్లకి చచ్చిపోతుంది.