రొయ్యల ఐస్, దావోస్ ఐస్

మాకు ఐస్ అంటే రొయ్యల ట్రేల్లో పొడి చేసి పోసే ఐసే. రాజోలు దగ్గర చెరువు గట్టు మీద పుట్టినవాణ్ణి, ఇంకేం తెలుస్తుంది! మొన్న డిసెంబర్ చివర్లో స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు దావోస్ నుంచి వీడియో కాల్ చేశాడు. స్పెంగ్లర్ కప్‌కి వెళ్ళాడట. అది ఐస్ హాకీ, అంటే ఐస్ మీద జారుతూ కర్రలతో ఆడే ఆట, దాని పోటీ. క్లబ్బులు ఏటా క్రిస్మస్ మర్నాటి నుంచి 31 దాకా ఆడతాయి.

నాన్న కళ్ళజోడు సవరించుకుని "బంతేదిరా?" అన్నారు. బంతి కాదు తాతా, రబ్బరు బిళ్ళ, ఎగరకుండా ముందే గడ్డకట్టిస్తారు అన్నాడు వాడు. "మన రొయ్యల్లాగే!" అని నాన్న ఒకటే నవ్వు.

తర్వాత వాడు చెప్పిందే నాకు పట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొట్టుకున్న దేశాల కుర్రాళ్ళు కలిసి ఆడాలని స్పెంగ్లర్ అనే డాక్టరు 1923లో ఈ కప్పు పెట్టాడట. మొదటిసారి గెలిచింది ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు.

ఇక్కడ సంక్రాంతి పందేల గొడవల్లో రెండు వీధులవాళ్ళు మూడేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఆ మాట అందామనుకునేలోపు కరెంటు పోయింది. నాన్న మాత్రం చీకట్లోనే, "ఇంతకీ ఎవరు గెలిచార్రా?"