మందారం టైమ్‌ల్యాప్స్ లాగ్: 7 ని 0007 చేయడానికి పట్టిన నాలుగు రోజులు

1వ రోజు

మందార మొగ్గ విచ్చుకోవడం టైమ్‌ల్యాప్స్ (ఆగి ఆగి తీసిన ఫోటోల్ని వేగంగా చూపించే) వీడియో చేద్దామని ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి, పక్కన లైటు పెట్టి, అర నిమిషానికో ఫోటో తీసేలా సెట్ చేసి పడుకున్నా. లేచి చూస్తే 1,243 ఫోటోలు. పేర్లు 1, 2, 3 అంటూ ఉత్త నంబర్లే. ఫోల్డర్‌లో ఫైళ్ల లిస్టు తీసి, సార్ట్ చేసి, ఒక్కోటీ వీడియోకి జోడించే పైథాన్ స్క్రిప్టు ముందే రాసి పెట్టుకున్నా కాబట్టి రన్ కొట్టి చూశా. మొగ్గ విచ్చుకుంటుంది, టక్కున ముడుచుకుంటుంది, మళ్లీ విచ్చుకుంటుంది. మందారం నాతో పరాచికాలాడుతోంది అనుకున్నా.

లిస్టు ప్రింట్ చేస్తే విషయం తెలిసింది. 1 తర్వాత 10, దాని తర్వాత 100, ఆపైన 1000, 1001... పేర్లు స్ట్రింగులు (అక్షరాల వరసలు, సంఖ్యలు కావు) కదా, సార్ట్ ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోతుంది, 10 లో మొదటి అక్షరం 1, అది 2 కంటే చిన్నది, అంతే, దానికి పది పెద్దదన్న సంగతి అక్కర్లేదు.

2వ రోజు

సరే, నంబర్ల ముందు సున్నాలు పెట్టి పేర్లన్నీ ఒకే పొడవు చేసేద్దాం అని జెడ్‌ఫిల్ (చెప్పిన వెడల్పు వచ్చేదాకా ఎడమ పక్క సున్నాలు నింపే పైథాన్ మెథడ్) వాడా. నంబర్ మీద డైరెక్ట్‌గా పిలిస్తే ఎర్రర్ కొట్టింది, అది స్ట్రింగ్‌కి ఉన్న మెథడ్, ఇంటిజర్‌కి (పూర్ణసంఖ్యకి) లేదు, ముందు ఎస్‌టీఆర్‌లో పెట్టి స్ట్రింగ్‌గా మార్చాలి. పెట్టి, వెడల్పు 3 ఇచ్చా. ఎందుకు 3 ఇచ్చానంటే జవాబు లేదు, చేయి అలా పోయింది.

ఈసారి వీడియో మొదటి నాలుగు సెకన్లు అద్భుతం. అక్కణ్ణుంచి ఓ పదకొండు సెకన్లు పిచ్చి మిణుకుమిణుకు, ఆ తర్వాత మళ్లీ చివరిదాకా శుభ్రం. కూర్చుని లెక్కేస్తే ముచ్చటేసింది. జెడ్‌ఫిల్ తక్కువైతే నింపుతుంది గానీ ఎక్కువైతే కత్తిరించదు, 1000 ని 1000 గానే వదిలేస్తుంది. దాంతో 099 దాకా వరస బాగుంది, 100 తర్వాత 1000 నుంచి 1009 దాకా పదీ దూరాయి, అప్పుడు 101, తర్వాత 1010 నుంచి ఇంకో పది... ఇలా 124 తర్వాత 1243 తో సరుకు అయిపోయింది, 125 నుంచి మామూలే. అంటే ఒక మొగ్గ ఫ్రేము, పది పువ్వు ఫ్రేములు, ఒక మొగ్గ, పది పువ్వులు. అసలు సున్నాలే లేకపోతే తప్పు మొదట్లోనే కనపడుతుంది, చాలీచాలని సున్నాలైతే 99 దాకా నమ్మించి తర్వాత ముంచుతుంది.

ఇప్పుడు వెడల్పు నేను చెప్పట్లేదు, అన్నిటికన్నా పెద్ద నంబర్‌ని స్ట్రింగ్ చేసి దాని పొడవు తీసుకుంటున్నా. ఎఫ్-స్ట్రింగ్‌లో (మధ్యలో విలువలు దూర్చగలిగే పైథాన్ స్ట్రింగ్) అయితే కోలన్ తర్వాత సున్నా, ఆపైన మీసాల బ్రాకెట్లలో ఆ వేరియబుల్, చివర డి. బ్రాకెట్లలో బ్రాకెట్లు చూడ్డానికి చిరాగ్గా ఉంటుంది గానీ పని చేస్తుంది. ఇంకోటి, పేర్లు మార్చే ముందు పాత లిస్టుని ఇంట్‌తో (స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చేది) సార్ట్ చేసుకోవాలి. మార్చడం కూడా అదే ఫోల్డర్‌లో కాకుండా కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేస్తున్నా, ఎందుకంటే లినక్స్‌లో ఓఎస్ రీనేమ్ (ఫైలు పేరు మార్చే పైథాన్ ఫంక్షన్) ఆ పేరుతో ఫైల్ ఉంటే కిక్కురుమనకుండా దాని మీదే రాసేస్తుంది, విండోస్‌లో అయితే కనీసం ఎర్రర్ ఇస్తుంది.

3వ రోజు

మసకగా వచ్చినవి 19 తీసేశా, 1,224 మిగిలాయి, సెకనుకి 24 చొప్పున సరిగ్గా 51 సెకన్లు. వీడియో ఈసారి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌తో చేద్దామనుకున్నా. దానికి పర్సెంట్, సున్నా, 4, డి (అంటే సున్నాలతో కలిపి నాలుగంకెల నంబర్) అని ప్యాటర్న్ ఇస్తే వరసగా తీసుకుంటుంది, కానీ మధ్యలో ఒక నంబర్ లేకపోతే అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి తీసేశాక మళ్లీ మొదట్నుంచి నంబర్లు వేయాల్సిందే. ఆ పని బాష్‌లో (లినక్స్ కమాండ్లు రాసే చోటు) చేయబోయి ఇంకో దెబ్బ తిన్నా. 0007 కి 1 కలిపితే 8 వచ్చింది, 0008 కి కలపబోతే ఎర్రర్. ముందు సున్నా కనపడితే బాష్ దాన్ని ఆక్టల్ (0 నుంచి 7 దాకా అంకెలతోనే నడిచే ఎనిమిదుల లెక్క) అనుకుంటుంది, ఆక్టల్‌లో 8 అనే అంకె లేదు. ఎర్రర్ వచ్చింది కాబట్టి బతికా, లేకపోతే 0010 కి 1 కలిపి చల్లగా 9 ఇచ్చేది. నంబర్ ముందు 10, హ్యాష్ పెడితే పదుల లెక్కలోకి వస్తుంది.

4వ రోజు

వీడియో వచ్చింది, ఒక్క కుదుపు లేదు. ఇప్పుడు మూలన ఫ్రేము నంబర్ తెలుగు అంకెల్లో వేయాలని సరదా పుట్టింది. పైథాన్‌లో ఇంట్‌కి '౧౨' ఇస్తే బుద్ధిగా 12 ఇస్తుంది, నాకు తెలీదు ఇన్నాళ్లూ. కానీ '౧౨' ని జెడ్‌ఫిల్ చేస్తే '00౧౨' వస్తుంది, అతుకుల బొంత. ఆర్‌జస్ట్‌కి (మనం చెప్పిన అక్షరంతో ఎడమ పక్క నింపే మెథడ్) నింపే అక్షరంగా '౦' ఇస్తే '౦౦౧౨' సరిగ్గా వస్తుంది. ఇక బొమ్మల మీద అక్షరాలు వేసే ఓపెన్‌సీవీ లైబ్రరీలోని పుట్‌టెక్స్ట్‌కి తెలుగు రాదు, అన్నీ ప్రశ్నార్థకాలే వేసింది, పిల్లో అనే ఇంకో బొమ్మల లైబ్రరీతో తెలుగు ఫాంట్ పెట్టి గీయించాలి. రేపు అదే పని.