వేగం పెంచగానే ఆగిపోయే బండి

నల్లగొండలో మా డాబా మీద అబ్బాయి రిమోట్ కారు మెల్లగా బాగానే తిరిగేది గానీ, వేగం పెంచగానే స్టీరింగ్ వణికి, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ లైటు ఆరిపోయి, బండి ఆగిపోయేది. రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా ఎక్కితే 8.4 వోల్టులు ఉండాలి, మల్టీమీటరు 8.2 చూపించడంతో, లోడు లేనప్పటి, అంటే మోటారు తిరగనప్పటి కొలతను నమ్మి నేను రెండు రోజులు రిసీవర్‌నే అనుమానించాను. చివరికి బండిని ఇటుక మీద నిలిపి, అబ్బాయి థ్రాటిల్ నొక్కుతుండగా కొలిస్తే, బ్యాటరీ వైపు 8 వోల్టులు నిలిచి ఉన్నాయి, మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ వైపు మాత్రం 5కు పడిపోయాయి. అంటే దోషం మధ్యలోని కనెక్టరుదే. ఎర్ర వైరు తొడుగు కోసి చూస్తే సోల్డరింగ్ మెరుపు లేకుండా బూడిద రంగులో, ఇసుక అంటినట్టు గరుకుగా ఉంది. వేలితో కదిపితే వైరు ఊగింది. ఆ అతుకు వేసింది నేనే. బ్యాటరీ తీసేసి, పాత సోల్డర్ గీకి, ఈసారి వైరు, పిన్ను రెండూ బాగా వేడెక్కాకే కొత్తది కరిగించాను.